బతికున్నాడని రుజువేది

ఏప్రిల్ 19, శనివారం

మక్కలు తడిశాయి. కేసముద్రం మార్కెట్ యార్డులో పొద్దున నిప్పులు చెరిగిన ఎండ మధ్యాహ్నానికి ఎక్కడ దాక్కుందో దాక్కుంది. గాలి లేచింది, వాన దంచింది. కుప్పల మీద కప్పే పరదాలు అందరికీ సరిపోలేదు. నా మక్కజొన్న కుప్ప కింద నీళ్లు చేరి, గింజలు తేలుతూ కాలువలోకి పోతుంటే చేతులతో ఆపాలని చూశాను. చేతులతో వాన నీళ్లు ఆగుతాయా? చదువుకున్నదాన్ని, పైగా అంగన్‌వాడీ టీచర్ని. అయినా ఆపాను.

అప్పుడే అక్క కనబడింది. సక్రి అక్క. చిట్యాల నుంచి ఏదో పెళ్లికి వచ్చిందట, నేను యార్డులో ఉన్నానని ఎవరో చెబితే వానలో వెతుక్కుంటూ వచ్చింది. నా పెళ్లప్పుడు "గా కల్యాణ్ నిలవడే మనిషి కాదు" అన్నందుకు నేను మాట్లాడటం మానేసిన అక్క. మధ్యలో బాపు చనిపోయినప్పుడు కూడా ఎడమొహం పెడమొహమే.

హాస్టల్లో చదివేటప్పుడు మా తండా ఆడవాళ్ల పలకరింపు చూస్తే నాకు సిగ్గేసేది. చాలాకాలానికి కలిస్తే ఎట్లున్నావని అడగరు, ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టి రాగం తీసి ఏడుస్తారు. విడిగా ఉన్న రోజుల్లో జరిగినదంతా ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు, మూడో మనిషికి జవాబివ్వకూడదు. నేనెప్పుడూ అట్లా ఏడవలేదు. ఇవాళ అక్క మెడ మీద తల పెట్టగానే రాగం దానంతట అదే వచ్చింది. నా గొంతు నాకే కొత్తగా అనిపించింది.

మధ్యలో ఎవడో మైకు పట్టుకొచ్చి, "అమ్మా, మీ ఆయన ఏడి?" అని అడిగాడు. చెయ్యి విదిలించాను. వెళ్లిపోయాడు.

ఏడ్చాక ఇద్దరం మిర్చి బజ్జీలు తిన్నాం. బజ్జీల బండి వాడి పిసినారితనం మీద జోకులేసుకొని నవ్వాం. అక్క నెమ్మదిగా అడిగింది, "కల్యాణ్ ఫోన్ జేస్తుండా?" అని. "చేస్తుండు" అన్నాను.

పూణెలో ఆయన ఉండే చోట సిగ్నల్ సరిగా రాదు.

ఏప్రిల్ 20

నా మొగుడు చచ్చిపోయాడు. టీవీలో చెప్పారు.

పొద్దున రాంజీ తాత వచ్చాడు. తండాకు పెద్దమనిషి, నడుస్తూ వచ్చే మనిషి ఇవాళ పరుగెత్తాడు. నన్నూ అత్తనూ వాళ్లింటికి తీసుకెళ్లి టీవీ ముందు కూర్చోబెట్టాడు. తెర మీద నేను. తడిసిన జుట్టు, బొట్టు కరిగిపోయిన నొసలు, తెరిచిన నోరు. పక్కన నీళ్లలో మక్కలు. అక్క ముఖం కనబడదు, ఎవరో ఓదారుస్తున్న ఆడమనిషి అనుకోవాలి. కింద ఎర్రటి అక్షరాలు: తడిసిన మక్కలు, ఆగిన గుండె. పెనిమిటి కోసం గిరిజన మహిళ ఆక్రందన.

ఒక గొంతు చెబుతోంది. కళ్ల ముందే పంట కొట్టుకుపోతుంటే తట్టుకోలేక ఆమె భర్త అక్కడికక్కడే ప్రాణాలు వదిలాడట. ఆ మాట అయిపోగానే మళ్లీ నేను, మళ్లీ నా నోరు.

నాకు నవ్వు వచ్చింది. ముందు వచ్చింది నవ్వే, అబద్ధం రాయను. అత్త వైపు చూస్తే ఆ నవ్వు గొంతులోనే ఆగింది. అత్త నమ్మింది.

"నీకేమన్న ఫోన్ వచ్చిందా బిడ్డా?" అంది. మా ఇంటి భాషలో అంది, నేను తెలుగులో రాస్తున్నాను. "నా కాడ దాసిపెట్టి అక్కడికి పోయి ఏడ్సినవా?"

"లేదత్తా. అది అక్కతోని ఏడ్సిన ఏడుపు. మన ఏడుపు."

"మరి టీవీల నా కొడుకు సచ్చిండని ఎందుకంటున్రు?"

"వాళ్లకు తెల్వదత్తా."

"అయితే ఫోన్ గలుపు."

కలిపాను. స్విచ్ ఆఫ్. మళ్లీ కలిపాను. రాంజీ తాత తన ఫోన్లో కలిపాడు. గదిలో అందరూ ఆ కంప్యూటర్ అమ్మాయి మాటే విన్నారు. అత్త చేతులు ఒళ్లో పెట్టుకొని నా ముఖం చూస్తోంది, నా ముఖంలో ఏదో దొరుకుతుందన్నట్టు.

ఇప్పుడు నాకూ భయం పట్టుకుంది. టీవీ చెప్పింది తప్పని నాకు తెలుసు. వాళ్లు అన్న చోట ఆయన లేనే లేడు. కానీ ఉన్నచోట ఉన్నాడా? పోయిన వానాకాలం నుంచి ఆ గొంతు విన్నవాళ్లు లేరు.

ఏప్రిల్ 21

జనం. నెల్లికుదురు నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో. ఒక నాయకుడు వచ్చి నాకు శాలువా కప్పాడు. చావింట్లో శాలువా కప్పుతారని ఇప్పుడే తెలిసింది. ఫోటో కోసం నన్ను కాస్త ఏడ్చినట్టు నిలబడమన్నారు ఆయన మనుషులు. "మా ఆయన బతికే ఉన్నడు సార్" అన్నాను. "ధైర్యం దెచ్చుకోవాలె చెల్లె" అన్నాడు ఆయన, నా నెత్తి మీద చెయ్యి పెట్టి. ఎన్నిసార్లు చెప్పినా అదే జవాబు. షాకులో ఉన్నానని వాళ్లలో వాళ్లు చెప్పుకున్నారు.

షాకులో ఉన్న మాట మాత్రం నిజం.

ఊళ్లోని ఒక ముసలమ్మ దగ్గరికొచ్చి నా బొట్టు వైపు చూసి ముఖం తిప్పుకుంది. పొద్దున పెట్టుకున్నదాని కంటే పెద్దగా మళ్లీ పెట్టుకున్నాను.

ఏప్రిల్ 22

స్విచ్ ఆఫ్.

ఏప్రిల్ 23, బుధవారం

మండల ఆఫీసు నుంచి ఒక సారు వచ్చాడు. టీవీలో వచ్చిన చావు మీద పైనుంచి అడుగుతున్నారట, విచారణ చేసి రాసుకుపోవాలట. కుర్చీ వేశాను. చాయ్ ఇచ్చాను.

"ఎప్పుడు పోయిండమ్మా?"

"పోలేదు సార్. బతికున్నడు."

పెన్ను ఆగింది. పాపం, మంచి మనిషే, ముఖంలో సంతోషమే కనిపించింది. "మరి ఇంట్ల ఉన్నడా? పిలువున్రి."

"పూణెల ఉన్నడు సార్, డ్రైవరు పనికి పోయిండు."

"ఫోన్ గలుపున్రి, ఒక్క మాట మాట్లాడి పోత."

కలవలేదు.

"అడ్రస్?"

తెలియదు.

"ఆయనతోని పనిజేసేటోళ్ల నంబరు?"

తెలియదు.

"ఆఖరుకు ఎప్పుడు మాట్లాడిన్రు?"

చెప్పాను. ఆయన నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. చావింటికని వచ్చినప్పుడు కూడా ఆయన చూపులో అంత జాలి లేదు. "సచ్చిపోయిండనటానికి రుజువు లేదు, బతికున్నడనటానికి రుజువు లేదు. నేనేం రాసుకోవాలె తల్లీ?" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నాళ్లూ నేను ఈ ప్రశ్నలు ఒక్కటీ అడగలేదు. ఎవరూ అడగకుండా చూసుకున్నాను. అంగన్‌వాడీలో పిల్లల తల్లులు అడిగితే "నిన్ననే జేసిండు" అనేదాన్ని. అంటూ అంటూ నిజంగానే నిన్ననే చేశాడన్నట్టు ఉండేది నాకు. అత్తకు కూడా అదే చెప్పేదాన్ని, నువ్వు పడుకున్నాక చేశాడని. ఇవాళ ఆ సారుతో నేను చెప్పిన జవాబులన్నీ అత్త గడప దగ్గర కూర్చొని వింది.

సారు వెళ్లాక అత్త ఒక్క మాటే అంది. "నేను పండుకున్నంక జేసిండంటివి గదనే."

ఏప్రిల్ 24

మహబూబాబాద్ వెళ్లాను, ఆ మైకు మనిషిని పట్టుకుందామని. బస్సులో ఒకావిడ నన్ను గుర్తుపట్టి సీటిచ్చింది. ఇంకొకావిడ నా బొట్టు చూసి "టీవీల గంత ఏడ్సింది, గిప్పుడు సూడు" అని పక్కామె చెవిలో అంది. చెవిలో అన్నమాట బస్సంతా వినబడింది.

బస్టాండులో ఇంకోటి. ఆటోలో పాట మోగుతోంది, డీజే దరువు. దరువు మధ్యలో ఎవరో రాగం తీస్తున్నారు. రెండు చరణాలు విన్నాక ఆ గొంతు నాదని తెలిసింది. నా ఏడుపుకు దరువు కలిపారు. ఆటోవాడు స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. ఆ ఏడుపులో నేను బాపు గురించి చెప్పుకున్నాను. చివరిరోజు అక్కకు ఫోన్ చేయనందుకు క్షమించమని అడిగాను. దానికి దరువేశారు. బెంచీ మీద కూర్చుండిపోయాను.

మైకు మనిషి పేరు శ్రీపాల్. నెల్లికుదురు దగ్గరి పెద్ద వ్యవసాయం ఇంటివాడే, విలేకరి పనికి వచ్చాడు. తిట్టాలని వెళ్లాను. నా ముఖం చూడగానే లేచి నిలబడ్డాడు, తిట్లన్నీ మరిచిపోయాను.

"బతికే ఉన్నడు అన్నా. మేం కలుసుకుంటే గట్లనే ఏడుస్తం. మీరు ఎవర్నన్న అడగాల్సి ఉండె."

"అడిగిన గదా అమ్మా, మీ ఆయన ఏడని" అన్నాడు. "మీరు చెయ్యి ఊపిన్రు. కుప్ప తడిసింది, బొట్టు లేదు, గంత ఏడుపు. నేను... పోయిండనుకున్న. పైకి, టీవీ ఆఫీసుకు పంపిన. గింత దూరం పోతదనుకోలే."

"తప్పు అని టీవీల చెప్పున్రి."

"చెప్తె వాళ్లు రుజువు అడుగుతరు."

ఈయన కూడా.

చివరికి ఒక మాట అనుకున్నాం. నా ఫోన్లో ఉన్న పెళ్లి ఫోటో ఇచ్చాను. "ఈ ఫోటో ఏపిస్త. ఈయన బతికున్నడు, ఆచూకీ తెలిస్తె చెప్పండి అని. బతికుంటె సూసి ఆయనే ఫోన్ జేస్తడు" అన్నాడు.

నిజమే. టీవీ సిగ్నల్ పూణెకు కూడా వస్తుంది కదా.

ఏప్రిల్ 25

ఫోటో వేశారు. నన్ను కత్తిరించేసి ఆయన్ను మాత్రమే చూపించారు. భుజం మీద నా వేళ్లు మిగిలిపోయాయి.

అక్క ఫోన్ చేసింది. విషయం అంతా తెలిసి కూడా నేను ముందే చెప్పిన గదా అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది. "చిట్యాల రా చెల్లె. అది వాని తల్లి ఇల్లు. వాడే లేకపోతె నీకు ఆ ఇల్లేంది, ఆమె ఏంది? పిల్లలన్న లేకపోయిరి. రేపు ఆమెనే పొమ్మంటె ఏడికి పోతవ్?" అంది.

"వస్తడు అక్కా" అన్నాను.

కానీ ఫోన్ పెట్టేశాక ఇల్లంతా ఒకసారి తిరిగి చూశాను. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయనతో ఉన్నదానికన్నా అత్తతో ఉన్నదే ఎక్కువ. ఇద్దరం ఒకే పళ్లెంలో తిన్న రోజులున్నాయి. ఆమెకు జ్వరమొస్తే నేను, నాకొస్తే ఆమె. అయినా ఆయన పేరు మీదే కదా నేనిక్కడ ఉన్నది. ఆయన రావాలి.

ఏప్రిల్ 26

రాలేదు. ఫోన్ చార్జింగు నుంచి తీయలేదు.

ఏప్రిల్ 27

ఆ సారు వచ్చిపోయినప్పటి నుంచి మాట్లాడని అత్త మళ్లీ మాట్లాడుతోంది. ఇవాళ నా తలకు నూనె రాస్తూ, "బతికున్నడు. సస్తె నా కడుపుకు తెలుస్తది" అంది. నేను పడుకున్నాననుకొని దేవుడి ముందు చాలాసేపు గొణుక్కుంది.

ఏప్రిల్ 28, సోమవారం

దొరికాడు.

శ్రీపాల్ ఫోన్ చేశాడు. ఫోటో చూసి ఎవరో ఆనవాలు చెప్పారట, తాను పోయి దూరం నుంచి చూసి వచ్చాడట, మనిషి అతనే. ఎక్కడ అంటే చెప్పడు. పైవాళ్ల ఆర్డరట, నేను ఆయన్ను చూసే క్షణం లైవ్‌లో రావాలట. "రేపు పొద్దున కారు వస్తది. మీరు తయారుగ ఉండున్రి. తప్పు నేను జేసిన, సరిదిద్దేది నేనే జేస్త" అన్నాడు.

ఎట్లున్నాడని అడిగాను. మంచిగానే ఉన్నాడన్నాడు. ఆ జవాబు ఇచ్చే ముందు కాస్త ఆగాడు, లేక నాకే అట్లా అనిపించిందో.

అత్త నేల మీద కూర్చొని కొంగుతో ముఖం కప్పుకొని ఏడ్చింది. తర్వాత లేచి జొన్న రొట్టెలు చేసింది, ఎల్లిగడ్డ కారం నూరింది. కొడుక్కి పెట్టమని గుడ్డలో కట్టింది. తాను కారులో రాలేనంది. మోకాళ్లు రానివ్వవు. రాంజీ తాత ఇంట్లో టీవీ చూస్తుందట.

దెబ్బ తగిలి ఆస్పత్రిలో ఉన్నాడేమో. ఫోన్ పోయిందేమో. నంబరు గుర్తులేక చేయలేదేమో. మేనత్త కూతురి పెళ్లికి కట్టిన నీలం చీర తీసి పెట్టుకున్నాను.

ఏప్రిల్ 29

ఆయన కాదు.

ఏప్రిల్ 30

నిన్న రాసింది చూశాను. ఆయన కాదని టీవీలో చెప్పి, ఇంటికొచ్చి ఇక్కడ కూడా అదే రాశాను. ఇది నేను తప్ప ఎవరూ చూడరు. ఇక్కడ కూడా చెప్పకపోతే ఇంకెక్కడ చెబుతాను.

ఆయనే.

కారు తొర్రూరు దాటింది. హైదరాబాద్ పోయి అక్కడి నుంచి రైలో, విమానమో అనుకున్నాను. జనగామలో ఆగింది. చాయ్ కోసం అనుకున్నాను. కెమెరా ఆయన దిగి, శ్రీపాల్ దిగి, నన్నూ దిగమన్నారు. ఒక సందు. సందు చివర రెండు గదుల ఇల్లు, ముందు గుమ్మంలో కడిగిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి. నా ఫోన్ చూసుకున్నాను. జనగామలో సిగ్నల్ నిండుగా ఉంది.

శ్రీపాల్ మైకు పట్టుకొని తన మామూలు గొంతు వదిలి టీవీ గొంతులో మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఉత్కంఠ వీడే క్షణం" అన్నాడు. తలుపు తెరుచుకుంది.

ఒక ఆడమనిషి. నాకన్నా చిన్నది. మెడలో నల్లపూసలు, చేతికి పిండి. కెమెరా చూసి బెదిరింది, తర్వాత నన్ను చూసింది. ఆమె ముఖం విప్పారింది. దగ్గరికొచ్చి పిండి చేతులతోనే నా చేతులు పట్టుకుంది.

"అక్కా, మీరు టీవీల ఏడ్సిన అక్క గదా? మా ఇంటికొచ్చిన్రా? లోపలికి రాండ్రి" అంది. పేరు శోభ అని తర్వాత చెప్పింది. "ఆ దినం మిమ్మల్ని సూసి నాకు అన్నం దిగలే. పక్కన ఈయన తింటుండె. సూడయ్యా పాపం, మొగుడు పోయిండట అన్న. ఎవరో పాపం అన్నడు. నాకైతె నిద్రనే పట్టలే. మళ్ల ఏమైందో సూద్దమంటె నాలుగు దినాలాయె మా టీవీ వస్తలే. కేబులాయనకు చెప్తున్న చెప్తున్న అంటడు ఈయన."

ఎవరో పాపం.

ఆ మాట నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యేలోగా ఆయన వచ్చాడు లోపలి నుంచి, తడి జుట్టు, భుజం మీద తువ్వాలు. కాస్త ఒళ్లు చేశాడు. నన్ను చూసి తలుపు పట్టుకున్నాడు. కళ్లు నా మీద నుంచి కెమెరా మీదికి, కెమెరా మీద నుంచి శోభ మీదికి పోయాయి.

నాకు కోపం రాలేదు. రావాల్సింది. ఒక్క ఆలోచనే తిరుగుతోంది. నేను వానలో తడుస్తూ ఏడుస్తున్నాను, ఆయన అన్నం కలుపుకొని చూస్తున్నాడు, చూసి, ఎవరో అన్నాడు, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తాను చచ్చిపోయాడని చెబుతుంటే కూడా ముద్ద ఆగలేదు. తల్లి వింటుందే అన్న ఆలోచన కూడా రాలేదు. ఇట్లాంటి మనిషి బతికే ఉన్నాడని నేను ఊరూరా తిరిగి చెప్పాను.

"చెప్పండమ్మా" అన్నాడు శ్రీపాల్, మైకు నా ముందు పెట్టి. "ఇతనేనా మీ భర్త?"

శోభ నా చేతులు వదల్లేదు. అప్పటికింకా ఆమెకు ఏమీ అర్థం కాలేదు, మైకు వైపు నవ్వుతూ చూస్తోంది. నేను అవునంటే ఆ నవ్వుకు ఏమవుతుందో అందరూ చూస్తారు. దానికీ దరువు కలుపుతారు.

"కాదు" అన్నాను. "ఈయనెవరో నాకు తెల్వదు."

అప్పుడు ఆయన ముఖం చూశాను. భారం దించుకున్న కూలివాడి ముఖంలా ఒక్కసారిగా తేలికైంది. అదే నాకు తగిలింది. తలుపు వెనక్కి తోసి మెల్లగా లోపలికి వెళ్లిపోయాడు.

కెమెరా ఆపాక శ్రీపాల్ నన్ను పక్కకు పిలిచాడు. గొంతు మళ్లీ మామూలైంది. "జమునమ్మా, ఫోటోల మొకం గిదే గదా."

"నా మొగుణ్ని నేను గుర్తువట్టనా అన్నా?"

నా ముఖంలోకి చూశాడు. ఇల్లు చూశాడు, నల్లపూసల మనిషిని చూశాడు. పైవాళ్లకు ఫోన్ చేసి, "రాంగ్ ఇన్ఫర్మేషన్ సార్, నాదే తప్పు" అన్నాడు. అవతల గట్టిగా తిడుతున్నారు. వింటూ నిలబడ్డాడు.

దారిలో ఆకలేసింది. అట్లాంటప్పుడు ఆకలేస్తుందా అని సిగ్గుపడ్డాను, కానీ వేసింది. అత్త కట్టిన మూట విప్పి రొట్టెలు తిన్నాను. శ్రీపాల్‌కీ కెమెరా ఆయనకూ ఇచ్చాను. కారం ఘాటుకు కళ్లలో నీళ్లొస్తే మంచిదే అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అత్త గడప మీద ఉంది. లైవ్ చూసింది కదా. తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని నాకన్నా ముందే గుర్తుపట్టి ఉంటుంది. కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

మే 1

టీవీలో నేను లేను. పొద్దుటి నుంచి ఎక్కడో రోడ్డు ప్రమాదం చూపిస్తున్నారు. అంతేనా, ఇంత తొందరగానా అనిపించింది. అనిపించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మే 2

అత్త మాట్లాడటం లేదు. వండుతుంది, పెడుతుంది, పక్కకు చూస్తుంది. ఆమె కడుపు చెప్పింది నిజమైంది, కొడుకు బతికే ఉన్నాడు. దొరికిన కొడుకును నేను లోకం ముందు ఎవరో అనేశాను. ఏ తల్లి ఊరుకుంటుంది? జనగామ ఎంత దూరమని, రేపో ఎల్లుండో పోయి చూసి వస్తుంది. ఆ వచ్చిన రోజు నేనిక్కడ ఉండకూడదు.

రాంజీ తాత వచ్చి కూర్చున్నాడు. ఆయనా గుర్తుపట్టాడు, తండాలో గుర్తుపట్టనివాళ్లు లేరు. ఏదో అడగబోయి, అత్త ముఖం చూసి, ఎండల గురించి మాట్లాడి వెళ్లిపోయాడు.

మే 3

అక్కకు చెప్పాను, వస్తానని. బట్టలు సంచిలో సర్దాను. అత్త చూసింది. చూసి కోళ్లకు గింజలు వేయడానికి బయటికి వెళ్లింది.

మే 4, ఆదివారం

పొద్దున ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"జమునా" అన్నాడు.

వానాకాలం నుంచి ఈ గొంతు కోసం చూశాను. వస్తే ఏమనాలో ఎన్నో అనుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. అత్త పొయ్యి దగ్గర ఉంది. నేను నిలబడ్డ తీరు చూసే ఎవరో తెలుసుకొని ఉంటుంది, రొట్టె తిప్పడం ఆపింది.

"మంచిగ జేసినవ్ జమునా" అన్నాడు. "నువ్వు గట్ల అంటవనుకోలే. నీ మేలు మర్సిపోను."

మేలు అన్నాడు. నేనేదో దారిలో పోయే మనిషిని, ఆయన సైకిల్ టైరుకు గాలి కొట్టినట్టు.

"ఒక్క మాట" అన్నాడు మళ్లీ. "మా యాడీకి గూడ జెప్పు. ఎవరన్న వచ్చి అడిగితె, నా కొడుకు కాదు అనమను. ఆమె అన్నదనుకో, ఇగ ఎవరు అడగరు. నేను ఇక్కడ ఇజ్జత్‌తోని బతుకుతున్న. నువ్వు జెప్తె ఇంటది."

యాడీ అంటే మా భాషలో అమ్మ. ఆ మాట అదే నోటితో అన్నాడు.

"నేను చెప్పను" అన్నాను. "నీ తల్లికి నువ్వే చెప్పుకో."

ఫోన్ తీసుకెళ్లి అత్త చేతిలో పెట్టాను. పిండి చేతిని కొంగుకు తుడుచుకొని చెవి దగ్గర పెట్టుకుంది. నేను పక్కకు వెళ్లబోతే నా కొంగు పట్టుకొని ఆపింది. ఆయన మాట్లాడుతున్నాడు, చాలాసేపు. పిలుపు ఒక్కటే వినిపిస్తోంది నాకు, యాడీ, యాడీ అని మధ్యమధ్యలో. అత్త ముఖంలో ఏ మార్పూ లేదు. పెనం మీద రొట్టె మాడుతోంది. అన్నీ విన్నది.

"నీ పేరేంది బిడ్డా?" అని అడిగింది.

చెప్పాడనుకుంటాను.

"గా పేరుతోని మాకెవ్వరు లేరు" అంది అత్త. గొంతు మామూలుగానే ఉంది, పాలవాడితో మాట్లాడినట్టు. "ఈ ఇంట్ల ఇద్దరం ఆడోళ్లమే ఉంటం. నేను, నా బిడ్డ. నంబరు సూసుకొని చెయ్యి నాయినా."

ఫోన్ చెవి నుంచి తీసింది. ఆపాలని వేలు పెట్టింది, వేలు ఎర్ర గుర్తు మీద పడలేదు. రెండోసారీ పడలేదు. అవతల ఆయన ఇంకా పిలుస్తూనే ఉన్నాడు, చిన్నగా వినిపిస్తోంది. అత్త నా వైపు చూసి ఫోన్ నా చేతికిచ్చింది.

నేను నొక్కాను.

చిట్యాల రావడం లేదని అక్కకు చెప్పాలి.